మురుగు కాలువ గట్టున ఆరు నెలల చదువు: ఒక సర్టిఫికెట్ కోర్సుపై సమీక్ష

భీమవరం చుట్టుపక్కల చేపల చెరువున్న రైతును నీటి పరీక్ష ఎక్కడ చేయిస్తారని అడిగితే, మేత అమ్మే కొట్టు పక్కనున్న ల్యాబు వైపే చెయ్యి చూపిస్తాడు. పదకొండేళ్ళుగా నేనూ ఆ పనే చేస్తూ వచ్చాను. పొద్దున్నే సీసాతో నీళ్ళు పట్టుకెళ్ళడం, సాయంత్రానికి ఒక కాగితం తెచ్చుకోవడం, కాగితం అడుగున రాసిచ్చిన మందును అదే కొట్టులో కొనుక్కోవడం నాకు అలవాటైపోయింది. ఆ కాగితం మీది అంకెలకు అర్థమేమిటో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అందుకే మా దగ్గరలోని ఒక డిగ్రీ కళాశాల నీటి నాణ్యత మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టిందని, పదో తరగతి చదివిన వారెవరైనా వయసుతో నిమిత్తం లేకుండా చేరవచ్చని తెలిసినప్పుడు, నలభై ఆరేళ్ళ వయసులో పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్ళి చేరాను. కోర్సు పూర్తయింది కనుక, చేరాలా వద్దా అని అడుగుతున్న వారి కోసం మంచీ చెడూ రెండూ రాస్తున్నాను. చెడు కూడా రాస్తున్నాను కాబట్టి కళాశాల పేరు రాయడం లేదు.

ఊళ్ళో పని చేసుకునేవారికి, చదువు మధ్యలో మానేసినవారికి, స్థానిక అవసరాన్ని బట్టి తక్కువ కాలంలో ఒక నైపుణ్యం నేర్పించడమే కమ్యూనిటీ కళాశాల పద్ధతి. మన దేశంలో ఇది 1995లో పాండిచ్చేరిలో మొదలైంది. తరువాత 2013లో యూజీసీ దీనికోసం ప్రత్యేకంగా ఒక పథకం తెచ్చింది. మా కోర్సు కూడా ఆ పద్ధతిలోనే నడిచింది. రుసుము మూడు వేల రూపాయలు, పరికరాలకు ఐదు వందల డిపాజిట్, శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ప్రయోగాలు, ఆదివారం పది నుంచి ఒంటిగంట వరకు పాఠాలు. మా బ్యాచిలో ఇరవై ఇద్దరం చేరాం. ఆరుగురు చెరువుల రైతులు, ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒక పంచాయతీ నీటి ట్యాంకు ఆపరేటరు, కాలువ లాకుల పనిచూసి రిటైరైన ఒక లాకు సూపరింటెండెంటు, మిగిలినవారు డిగ్రీ విద్యార్థులు.

కళాశాల ప్రకటనలో రాయని అసలు ఆకర్షణ సైకిలు స్టాండుకూ ఆటస్థలానికీ మధ్య నుంచి పారే మురుగు కాలువ. ఎనిమిది మీటర్ల వెడల్పుంటుంది. ఒక గట్టున తుమ్మచెట్లు, రెండో గట్టున కళాశాల వారు వేసిన కొబ్బరి వరస ఉన్నాయి. డెల్టాలో మురుగు అంటే పట్నం వారు అనుకునే మురికినీరు మాత్రమే కాదన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పంట కాలువ నుంచి బోదెకు, బోదె నుంచి మడికి చేరిన నీటిలో వరికి అక్కరలేనిది మళ్ళీ మురుగు బోదెలోకి, అక్కడి నుంచి డ్రెయిన్లోకి, చివరికి సముద్రంలోకి పోతుంది. ఆ తిరుగు ప్రయాణమంతటికీ మా పెద్దలు పెట్టిన పేరు మురుగు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి నీరు లోపలికి రావడానికి దారి ఏర్పడింది కానీ, వచ్చిన నీరు బయటికి పోయే దారి గురించి ప్రభుత్వం గట్టిగా ఆలోచించడానికి 1960లలో మిత్రా కమిటీ దాకా ఆగవలసి వచ్చిందని మా లాకు సూపరింటెండెంటు గారు మొదటి ఆదివారమే చెప్పారు. ఆయన మాతో పాటు విద్యార్థిగా చేరినప్పటికీ, కాలువల చరిత్ర వచ్చిన ప్రతిసారీ లెక్చరరు గారు కుర్చీ ఆయనకే ఇచ్చి తాను బెంచీ మీద కూర్చునేవారు. ఈ కోర్సులో నాకు నచ్చిన మర్యాదల్లో అది ఒకటి.

మొదటి శనివారం జువాలజీ మేడం గారు మమ్మల్ని నేరుగా గట్టు మీదికి తీసుకెళ్ళారు. వెదురు బద్దను గుండ్రంగా వంచి దోమతెర గుడ్డ కుట్టిన వల ఒకటి, తెల్లటి ఎనామిల్ పళ్ళేలు నాలుగు, ప్లాస్టిక్ చెంచాలు, భూతద్దాలు, అంతే సరంజామా. గుర్రపు డెక్క దుబ్బు ఒకదాన్ని వేళ్ళతో సహా పళ్ళెంలో దులిపి, రెండు నిమిషాలు మాట్లాడకుండా చూడమన్నారు. మొదట బురద తప్ప ఏమీ కనిపించలేదు. బురద అడుగుకు దిగాక పళ్ళెం మొత్తం కదలడం మొదలైంది. గోరంత నత్తలు, గాజుముక్కల్లాంటి చిన్న రొయ్యపిల్లలు, ముక్కలైన దారంలా మెలికలు తిరిగే ఎర్రటి పురుగులు కనిపించాయి. ఒక మూల మట్టిరంగు పురుగొకటి ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. దాని ముందుకు దోమపిల్ల ఒకటి వచ్చిందో లేదో, ముఖం కింద మడిచిపెట్టుకున్న పెదవిని కొక్కెంలా ముందుకు విసిరి పట్టేసి, మళ్ళీ మడిచేసుకుంది. అది తూనీగ పిల్ల అని మేడం గారు చెప్పేవరకు మాలో ఒక్కరికీ తెలియదు. తూనీగ బాల్యమంతా నీటిలోనే గడుస్తుందనీ, అది వెనుక భాగంతో నీటిని పీల్చి అక్కడే ఊపిరి తీసుకుంటుందనీ, ఆపద వస్తే అదే నీటిని పిచికారీలా చిమ్మి ముందుకు దూసుకుపోతుందనీ విన్నాక, ఆశా కార్యకర్తల్లో ఒకరు ఆ పళ్ళెం ఇంకొకరికి ఇవ్వనే లేదు.

ఎర్ర పురుగుల సంగతి నాకు మరింత పనికివచ్చింది. వాటి ఒంట్లో మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన బురదలో కూడా అవి బతుకుతాయి. కొర్రమీను, గొరక, మార్పు అనే చేపలు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కనుక వాటికీ పెద్ద ఇబ్బంది లేదు. అందువల్ల కాలువలో చేప ఉంది కాబట్టి నీరు మంచిదే అనుకోవడానికి వీల్లేదు, ఏ చేప ఉందో చూడాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడే మేఫ్లై అనే పురుగు పిల్లలు ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మా పళ్ళేల్లోకి రాలేదు. ల్యాబు కాగితం లేకుండా, ఎవరు ఉన్నారు ఎవరు లేరు అన్న హాజరు పట్టీతోనే నీటి స్థితిని అంచనా వేయవచ్చన్నది మా వృత్తిలో ఉన్నవారికి చిన్న విషయం కాదు.

తరువాత ఆక్సిజన్ పరీక్ష నేర్పించారు. విన్‌క్లర్ అనే రసాయన శాస్త్రవేత్త 1888లో కనిపెట్టిన పద్ధతే నేటికీ ప్రమాణమట. గాలి బుడగ లేకుండా 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటిలో ముంచి నింపి, గట్టు మీదనే మాంగనీస్ సల్ఫేట్, ఆ వెంటనే క్షార అయొడైడ్ ద్రావణం వేసి మూత పెట్టి తిప్పితే, నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. అందులో గంధకామ్లం వేస్తే ఆ మడ్డి కరిగి నీరు తేనెరంగుకు తిరుగుతుంది. ఆ నీటిలో 200 మిల్లీలీటర్లు కొలిచి, థయోసల్ఫేటు ద్రావణాన్ని బ్యూరెట్టు (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి చుక్కలు చుక్కలుగా వదులుతూ రంగు పలచబడ్డాక గంజి ద్రావణం కలిపితే నీలం వస్తుంది. ఆ నీలం విరిగిన చుక్క దగ్గర ఆపాలి. ద్రావణం బలం సరిగ్గా ఉంటే, బ్యూరెట్టులో దిగిన మిల్లీలీటర్లే లీటరు నీటిలోని ఆక్సిజన్ మిల్లీగ్రాములు. పదకొండేళ్ళు నేను డబ్బు కట్టి తెచ్చుకున్న అంకె ఇంత సులువుగా వస్తుందని తెలిసిన రోజున సంతోషం కంటే ఉక్రోషమే ఎక్కువ కలిగింది.

నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఈ పరీక్షతోనే మొదలైంది. మా ప్రయోగాలన్నీ శనివారం మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో జరిగేవి. నీటిలోని పచ్చని నాచు ఎండలో పొద్దంతా ఆక్సిజన్ విడుదల చేస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అందరూ కలిసి దాన్ని వాడేసుకుంటారు. అంటే నీరు రోజు మొత్తంలో తన మంచి ముఖం చూపించే వేళ మధ్యాహ్నమే. 30 డిగ్రీల వేడిలో నీరు సహజంగా పట్టి ఉంచగలిగే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే కాగా, మా రికార్డుల్లో తొమ్మిది, పది, పదకొండు అని అంకెలు పడుతున్నాయి. కాలువ ఆరోగ్యంగా ఉందని డిగ్రీ పిల్లలు నిర్ధారణ రాసి సంతకాలు కూడా పెట్టించుకున్నారు. నాలుగో వారం ఉండబట్టలేక అడిగాను.

"మేడం గారూ, మా చేపలు మధ్యాహ్నం మూడింటికి ఎప్పుడూ పోవండి. తెల్లారగట్ల నాలుగింటికే పోతాయండి. మరి మనం మూడింటికే ఎందుకు కొలుస్తున్నామండి?"

ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వేశారు. "కాలేజీ టైంటేబుల్ అలా వేశారండి. మీరు పొద్దున్నే రాగలిగితే వాచ్‌మన్‌కు చెబుతాను, నేనూ వస్తాను," అన్నారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఐదున్నరకు ఆరుగురం గట్టు మీద కలిశాం. మంచు ఇంకా విడలేదు. టార్చి వెలుతురులో చూస్తే నీటి పైపొరకు మూతులు ఆనించి చేదుపరిగెలు వరసలుగా నోళ్ళు తెరుస్తున్నాయి. నా చెరువులో ఆ దృశ్యం కనిపిస్తే నేను లెక్కలేవీ వేయకుండా ఏరియేటర్ల దగ్గరికి పరిగెత్తుతాను. అయితే బ్యూరెట్టు 3.8 అంది. చేపలు బతకడానికి కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణానికి అది కొద్దిగా మాత్రమే తక్కువ. చేపలేమో ప్రాణం పోతున్నట్టు గాలి మింగుతున్నాయి. చేపలు అబద్ధం చెప్పవని నేను, బ్యూరెట్టు అబద్ధం చెప్పదని పిల్లలు కాసేపు వాదించుకున్నాం. మేడం గారు థయోసల్ఫేటు సీసాను వెలుతురులో పెట్టి చూశారు. సీసా మీద ఉన్నది నిరుటి విద్యాసంవత్సరం తేదీ. ఆ ద్రావణం కాలం గడిచేకొద్దీ బలం తగ్గిపోతుంది. బలం తగ్గినది ఎక్కువ చుక్కలు పడుతుంది కనుక, ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. డైక్రోమేటుతో సరిచూసుకుని కొత్తది కలిపి మరుసటి ఆదివారం అదే వేళకు అదే చోట కొలిస్తే 1.9 వచ్చింది.

జరిగిన పొరపాటు కంటే, ఆ తరువాత కళాశాల దాన్ని తీసుకున్న తీరు నన్ను ఎక్కువ బాధపెట్టింది. అప్పటికి రాసిన నాలుగు వారాల అంకెలు తప్పని రికార్డుల్లో రాసుకుంటామని అడిగితే, సంతకాలైన రికార్డులు దిద్దకూడదని కార్యాలయం వారు చెప్పారు. మేడం గారు మాత్రం తన సొంత నోటుపుస్తకంలో ఆ పేజీలను కొట్టివేసి పక్కన కారణం రాసుకున్నారు. రసాయనాలకు విడిగా నిధి లేదని, ఇంటర్ ప్రాక్టికల్స్‌కు తెచ్చినవాటిలో మిగిలినవే మాకు ఇస్తున్నారని తరువాత తెలిసింది. ఆరు నెలల్లో రెండు శనివారాలు గంజి ద్రావణానికి బూజు పట్టిందని వట్టి చేతులతో తిరిగి వచ్చాం. రుసుము కట్టించుకున్న కోర్సులో ఇది క్షమించదగిన విషయం కాదు.

మార్చిలో నా చెరువు పట్టుబడి, అంటే పెరిగిన చేపలు పట్టి అమ్మేయడం, జరిగింది. మూడెకరాల చెరువు నీటిని రెండు రోజుల పాటు ఇంజన్లు పెట్టి మురుగు బోదెలోకి తోడించాను. ఆ బోదె కళాశాలకు ఎగువన రెండు కిలోమీటర్ల దూరంలో ఇదే కాలువలో కలుస్తుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. తెలిసినా రెండింటినీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ శనివారం కాలువ కాఫీరంగులో ఉంది. నీటి తేటదనం కొలవడానికి నలుపు తెలుపు రంగులు వేసిన సెక్కి పళ్ళేన్ని తాడుకు కట్టి దింపితే, మామూలుగా రెండు జానల దాకా కనిపించేది బెత్తెడు లోతులోనే మాయమైంది. అమ్మోనియా పరీక్షలో రంగు పట్టిక చివరి గడిని దాటిపోయింది. "ఎవరో చెరువు వదిలేసినట్టున్నారండీ," అన్నాడు ట్యాంకు ఆపరేటరు. నేను ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. మరుసటి వారం చెప్పాను. ఎవరూ తప్పు పట్టలేదు, మిగిలిన ఐదుగురు చెరువుల రైతులు నేల చూపులు చూశారు. తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం 2005లో వచ్చింది. ఆ సంస్థ తొలి నిబంధనల్లోనే 5 హెక్టార్లు దాటిన రొయ్యల సాగుకు వ్యర్థజల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి చేశారు. నాలాంటి చిన్న మంచినీటి చెరువుల వారిని ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మేడం గారు ఉపన్యాసమేమీ ఇవ్వకుండా, పట్టుబడి నీటిని ఒక మూల మడిలో మూడు నాలుగు రోజులు నిలిపి, మడ్డి దిగాక పైనీటిని మాత్రమే వదిలితే ఎంత తేడా వస్తుందో బకెట్లతో చేసి చూపించారు. ఈ కోర్సులో నా సొంత పనికి నేరుగా ఉపయోగపడిన గంట అదే.

ఏప్రిల్ మొదట్లో ప్రొక్లెయిన్ వచ్చి కాలువలోని గుర్రపు డెక్కను, అడుగు బురదను ఎత్తి గట్టు మీద పోసింది. ఆ వారం నుంచి పళ్ళేలు ఖాళీగా రావడం మొదలైంది. ఇటువంటి అవకాశం కోసం ఎవరైనా ఎదురుచూస్తారు. ఖాళీ అయిన ఇంటికి ముందు ఎవరు వస్తారు, తరువాత ఎవరు వస్తారు అన్నది కళ్ళ ముందే జరుగుతోంది కదా. పాఠ్యప్రణాళికలో ఆ వారం తాగునీటి క్లోరినేషన్ ఉంది కనుక తరగతి గదిలోనే కూర్చోబెట్టారు. మేం నలుగురం తరగతి అయ్యాక సొంతంగా వల వేసి రాసుకున్నాం. ముందు దోమపిల్లలు వచ్చాయి, తరువాత ఎర్ర పురుగులు, ఐదో వారానికి నత్తలు. తూనీగ పిల్ల కోర్సు ముగిసేలోగా మళ్ళీ కనిపించలేదు.

బ్యాచి కాలం గురించి కూడా ఒక మాట చెప్పాలి. జనవరిలో మొదలై జూన్‌లో ముగిసే కోర్సు ఈ కాలువకు సరిపోదు. ఏప్రిల్‌లో పంట కాలువలు కట్టివేస్తే మురుగు కాలువలోకి పొలం నీరు రావడం ఆగిపోతుంది. మిగిలేది ఊరి వాడుక నీరు, చెరువుల నీరు, పోటుకు ఎగదన్నే ఉప్పునీరు. అమావాస్యకూ పౌర్ణమికీ సిమెంటు తూము మీద మేం రంగుతో గీసిన గీతలు రెండేసి మునిగేవి. మీటరులో లవణాల అంకె మే నెలంతా పెరుగుతూ పోయింది. అది చూడడం మంచిదే. అయితే కొత్తనీరు వదలడం, సార్వా నాట్లు, వరద గోదావరి, మురుగు వెనక్కి తన్ని మడులు మునగడం, దసరాకు నీరు తేరుకోవడం, ఇవన్నీ మేం పరీక్ష రాసి ఇంటికి వెళ్ళిపోయాక జరిగాయి. జూన్‌లో మొదలుపెట్టి డిసెంబరు దాకా నడిపితే అదే రుసుముకు రెండింతలు నేర్చుకోవచ్చు. దరఖాస్తు రాసి ఇచ్చాం. విశ్వవిద్యాలయ క్యాలెండరు ప్రకారమే నడపాలని జవాబు వచ్చింది.

మిగిలిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంది, మేడం గారు తెలుగులో రాసిచ్చిన నోట్సు దానికంటే ఎంతో మేలు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆదివారం క్యాంటీను తెరవరు. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధనను పట్టుబడి రోజుల్లో రైతులకు సడలించారు. సర్టిఫికెట్టుతో ఉద్యోగం వస్తుందని ఆశించి చేరిన డిగ్రీ పిల్లల్లో ఇద్దరికి ల్యాబుల్లో పని దొరికింది, మిగిలినవారికి ఇంకా లేదు. ఉద్యోగం కోసమే అయితే నేను దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను. చెరువు ఉన్నవారికి, పంచాయతీ నీటి పనిలో ఉన్నవారికి, బడిలో సైన్సు చెప్పేవారికి మాత్రం ఈ లోపాలన్నీ భరించి అయినా చేరమనే చెబుతాను. ఐదు నక్షత్రాలకు నా లెక్కలో కాలువకు ఐదు, మేడం గారికి ఐదు, కార్యాలయానికి రెండు.

చేరేవారు మొదటి రోజే థయోసల్ఫేటు సీసా మీద తేదీ చూపించమని మర్యాదగా అడగండి. తెల్లవారుజామున కనీసం నెలకొకసారి గట్టు మీద తరగతి పెట్టించమని అందరూ కలిసి సంతకాలు చేసి ఇవ్వండి. ఒక్కరు అడిగితే వాచ్‌మన్ గేటు తీయడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు కొనుక్కోండి, కళాశాలలో ఉన్నవి మూడు జతలే, అందులో ఒకదానికి చిల్లు ఉంది. జేబులో ఒక పొట్లం ఉప్పు ఉంచుకోండి, తూము దగ్గర జలగలు ఎక్కువ.